మానేశాడా? మానిపించారా?

శ్రీకాకుళం జిల్లాలో మా రణస్థలం వైపు ఉద్యోగం పోవడానికి మూడు మాటలున్నాయి: మానేశాడు, తీసేశారు, మానిపించారు. నిరుద్యోగ భృతి పథకాలకు మొదటి రెండే తెలుసు. మందుల కంపెనీలున్న పైడిభీమవరం నుంచి వచ్చే కుర్రాళ్ల నోట నేను ఎక్కువగా వినేది మూడోది.

మా వీధి కుర్రాడొకడు అక్కడ ఓ మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద చేసేవాడు. వరసపెట్టి రాత్రి షిఫ్టులే వేశారు. పగటి షిఫ్టు అడిగితే కుదరదన్నారు. ఓ రోజు సూపర్‌వైజర్ తెల్లకాగితం చేతిలో పెట్టి, "సొంత పనుల వల్ల మానేస్తున్నానని రాసేయ్, బకాయి జీతం రేపే పడిపోద్ది" అన్నాడట. రాసేశాడు. ఫోన్‌లో ఆ కాగితం ఫొటో చూపించాడు. నాలుగు లైన్లు, కింద సంతకం. తేదీ కూడా వాళ్లు చెప్పిందే.

ఆ నాలుగు లైన్ల ఖరీదు ఎంతో చూడండి. 2018 జులైలో వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద, ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉన్నవాడికి పని పోతే సగటు రోజు వేతనంలో సగం చొప్పున 90 రోజుల దాకా ఇస్తారు. జీవితంలో ఒక్కసారే. 15 వేల జీతగాడికి మూడు నెలలకు 22 వేల పైచిలుకు. అయితే రెండేళ్లు బీమా ఉద్యోగంలో ఉండాలి, బీమా చందా కట్టిన రోజులు నిబంధన ప్రకారం సరిపోవాలి. తప్పు చేసి శిక్షగా పోయినా, వయసు మీరి దిగిపోయినా, స్వచ్ఛందంగా విరమించినా రాదు. ఈఎస్ఐలోనే ఉన్న మరో నిరుద్యోగ భృతి పథకం రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఇంకా బిగువు: రిట్రెంచ్‌మెంట్ (మనుషులు ఎక్కువయ్యారని తీసేయడం), ఫ్యాక్టరీ మూత, లేదా పనిలో తగిలిన గాయం వల్ల కాని 40 శాతం శాశ్వత వైకల్యం ఉండాలి.

పని ఎందుకు పోయిందో ఈఎస్ఐ పోర్టల్‌లో నమోదు చేసేది యాజమాన్యమే. 'లెఫ్ట్ సర్వీస్' (ఉద్యోగం వదిలేశాడు) అని నొక్కడానికి ఒక్క క్షణం చాలు, చేతిలో రాజీనామా కాగితం ఎలాగూ ఉంటుంది. నెలనెలా జీతంలోంచి 0.75 శాతం కట్టిన మనిషిని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగరు. నాకు ఇదే అన్యాయంగా తోస్తుంది.

సరదాకి మానేసినవాడికీ భృతి ఇమ్మని నేననను. జర్మనీలోనూ బలమైన కారణం లేకుండా మానేస్తే మామూలుగా 12 వారాలు భృతి ఆపుతారు. కారణం ఉంటే ఆపరు. అమెరికా రాష్ట్రాల్లోనూ 'తగిన కారణం' చూపితే అర్హత ఉంటుంది. అంటే అక్కడ ఎందుకు మానేశావని అడిగే ఏర్పాటు ఉంది. మన ఈఎస్ఐ బ్రాంచి కూడా రాజీనామా కనబడగానే ఫైలు మూసేయకుండా, కార్మికుణ్ణి పిలిచి అతని మాట రాసుకోవాలి. జీతం బకాయి ఉన్న రోజున రాయించుకున్న కాగితాన్ని స్వచ్ఛందం కింద లెక్కించకూడదు.

ఆ మార్పు వచ్చేలోగా, మన కుర్రాళ్లకు చెప్పేది ఒకటే. 'సొంత పనుల వల్ల' అని రాయకండి, ఉన్న కారణం రాయండి. రావాల్సిన జీతమెంతో అందులోనే వేయండి. ఇచ్చే ముందు ఫొటో తీసుకోండి. రేపే పడిపోద్దన్న మా వీధి కుర్రాడి బకాయి ఇప్పటికీ పడలేదు.