ఆపాలంటే నిలబడాలి

1957 ఆగస్టు 28 రాత్రి అమెరికా సెనేట్‌లో సౌత్ కరోలినా సభ్యుడు స్ట్రోమ్ థర్మండ్ మాట్లాడటానికి లేచారు. మర్నాడు రాత్రి తొమ్మిది దాటేవరకూ సభను వదల్లేదు. నల్లజాతీయుల ఓటుహక్కుకు కొంత రక్షణ కల్పించే బిల్లును ఆపాలన్నది ఆయన పంతం. ఒంట్లో నీరు తగ్గితే మధ్యలో బయటికి పోవలసిన అవసరం రాదని ముందే ఆవిరి స్నానం చేసి మరీ వచ్చారు. రాష్ట్రాల ఎన్నికల చట్టాలు ఒక్కొక్కటే చదివారు. స్వాతంత్ర్య ప్రకటన చదివారు. వాషింగ్టన్ వీడ్కోలు ప్రసంగమూ చదివారు. 24 గంటల 18 నిమిషాలకు ఆయన ఆపితే, ఆ రాత్రే బిల్లు 60-15 ఓట్లతో నెగ్గింది.

ఓటింగు జరగనివ్వకుండా ఇలా మాట్లాడుతూనే పోవడాన్ని ఫిలిబస్టర్ అంటారు. మన ‘ఊకదంపుడు’ దీనికి దగ్గరి చుట్టమే కానీ పూర్తిగా సరిపోదు. ఊక దంచేవాడికి గింజ రాలదు. ఫిలిబస్టర్ చేసేవాడికి ఆ దంచడమే లాభం, రోకలి తన చేతిలో ఉన్నంతసేపూ మరొకరు దంచలేరు గనుక. అసలు ఆ మాటే దోపిడీదారులది. డచ్ భాషలో పుట్టి, స్పానిష్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. సొంత దండు కట్టుకుని పరాయి దేశాల మీద పడే సాహసికులను 1850లలో అమెరికన్లు ఫిలిబస్టర్లు అనేవారు. వారిలో విలియం వాకర్ అనే ఘనుడు 1856లో నికరాగువాకు ఏకంగా అధ్యక్షుడైపోయాడు. నాలుగేళ్లకే హోండురస్‌లో అతణ్ని కాల్చి చంపారు. సభను చెరబట్టే సభ్యులకూ అదే తిట్టు అంటుకుంది. తర్వాత ఆ తిట్టే హక్కుగా చలామణి అయింది!

ఈ హక్కును రాజ్యాంగ నిర్మాతలు ఇవ్వలేదు. 1806లో నిబంధనల దుమ్ము దులుపుతూ, చర్చను ఆపి ఓటింగుకు వెళ్లే తీర్మానాన్ని సెనేట్ అనవసరమని తీసేసింది. ఆ కన్నం నుంచే ఇదంతా వచ్చింది. మూడింట రెండు వంతుల మంది కోరితే చర్చ ముగించవచ్చన్న నిబంధన 1917లో గానీ రాలేదు. 1975లో దాన్ని అయిదింట మూడు వంతులకు తగ్గించారు. అంటే వందమంది సభలో 60.

ఎక్కువగా ఇది ఎవరి మెడకు చుట్టుకుందో చరిత్రలో ఉంది. నల్లజాతీయులను మూకలు చంపడాన్ని శిక్షించే బిల్లు 1922లో దిగువ సభలో నెగ్గి, సెనేట్‌లో ఊపిరాడక పోయింది. 1964 పౌరహక్కుల బిల్లును దక్షిణాది సభ్యులు 60 పనిదినాలు సాగదీశారు. చివరికి జూన్ 10న చర్చ ముగింపుపై ఓటింగు. మెదడులో కణితితో మాట పడిపోయిన కాలిఫోర్నియా సభ్యుడు క్లెయిర్ ఎంగిల్‌ను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. పేరు పిలిచారు. గొంతు పెగల్లేదు. చెయ్యెత్తి కంటిని చూపించారు. ఇంగ్లిష్‌లో కంటికీ, సమ్మతికీ ఒకటే ఉచ్చారణ, ‘ఐ’. 71-29తో తీర్మానం నెగ్గింది. ఏడు వారాలకు ఆయన కన్నుమూశారు.

ఆ రోజుల ఫిలిబస్టర్ ఎంత నీచమైన పనికి వాడినా, వాడేవాడికి కాళ్లు నొప్పి పుట్టేవి. 1970లలో ఆ నొప్పీ పోయింది. ఒక బిల్లుకు అడ్డు పడితే దాన్ని పక్కన పెట్టి మరో పని చూసుకుందామన్న సర్దుబాటు మొదలయ్యాక, ఎవరూ లేచి మాట్లాడనక్కర లేకపోయింది. అడ్డుకుంటామని పార్టీ నాయకుడికి కబురంపితే చాలు. ఇక మిగిలింది లెక్కే. 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు అమెరికా ప్రభుత్వం మూతపడినప్పుడు, దిగువ సభ పంపిన నిధుల బిల్లు మూతకు ముందూ, మూతలోనూ కలిపి సెనేట్‌లో 14 సార్లు ఆగిపోయింది. అధికార పక్షానికి 53 సీట్లున్నాయి, 60 లేవు. జీతాలందక ఉద్యోగులు ఆహార పంపిణీ కేంద్రాల ముందు వరుస కట్టారు. బిల్లును ఆపడానికి మాత్రం ఎవరూ రాత్రంతా నిలబడనక్కర లేకపోయింది.

ఫిలిబస్టర్‌ను పూర్తిగా తీసెయ్యాలని ఇప్పుడు కొందరంటున్నారు. అనేవారు ఎప్పుడూ అధికారంలో ఉన్నవారే. 2013లో డెమొక్రాట్లు, సెనేట్ ఆమోదించాల్సిన చాలా నియామకాలకు దాన్ని ఎత్తేశారు. 2017లో రిపబ్లికన్లు సుప్రీంకోర్టు న్యాయమూర్తులకూ ఎత్తేశారు. మొదటిసారి గగ్గోలు పెట్టినవారే రెండోసారి గొడ్డలి పట్టారు. తక్కువ సంఖ్యలో ఉన్న పక్షానికి ఒక అడ్డుకట్ట ఉండాలనే మేం భావిస్తున్నాం. మన పార్లమెంటులో ఆ వీలే లేదు. బలాన్ని బట్టి పార్టీలకు నిమిషాలు పంచుతారు, సమయం కాగానే గంట మోగుతుంది. మాటతో ఆపలేనివారు పోడియం దగ్గరికి పరుగెడతారు. 2014 ఫిబ్రవరి 13న రాష్ట్ర విభజన బిల్లు రోజున లోక్‌సభలో పెప్పర్ స్ప్రే ఘాటుకు సభ్యులు దగ్గుతూ బయటికి పరుగెత్తిన దృశ్యం తెలుగువారు మరచిపోయేది కాదు. అంతకంటే ఆవిరి స్నానం చేసి వచ్చినవాడే నయం.

కాబట్టి అడ్డుకునే హక్కు ఉండనివ్వండి, దాని బరువును మాత్రం అడ్డుకునేవారి భుజాల మీదికే మార్చండి. థర్మండ్ సుదీర్ఘ ప్రసంగ రికార్డును 2025 ఏప్రిల్ 1న బద్దలుకొట్టిన కోరీ బుకర్ ఏ బిల్లునూ ఆపలేదు, సాంకేతికంగా అది ఫిలిబస్టరే కాదు. అయినా ఆ నల్లజాతి సభ్యుడు కుర్చీ తీయించేసి 25 గంటల 5 నిమిషాలు నిలబడితే లక్షలమంది చూశారు. మౌనంగా ఆగిపోయిన వందల బిల్లుల్లో ఒక్కదాన్నైనా అలా చూసినవారు లేరు.

ఇప్పటి నిబంధనలో వింత ఏమిటంటే, 60 లెక్క హాజరైనవారిలో కాదు, మొత్తం సభ్యుల్లో. వద్దనేవారు ఆ పూట ఇంట్లో పడుకున్నా వారి పని జరిగిపోతుంది. దీన్ని తిరగేయాలన్న ప్రతిపాదన అక్కడ చాలాకాలంగా ఉంది. బిల్లు కావాలనేవారు 60 మందిని వెతుక్కోవడం కాదు, వద్దనేవారు 41 మందిని సభకు తెచ్చుకోవాలి. అర్ధరాత్రి రెండింటికి గంట మోగినా రావాలి, మర్నాడు మోగినా రావాలి, నలభై మందే వస్తే బిల్లు ఓటింగుకు వెళ్లాలి.