ఫీజు కట్టలేకపోతే ఆడకూడదా?

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో మావాడు ఒక చిన్న ప్రైవేట్ స్కూల్లో చదివేటప్పటి సంగతి, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. వాడి స్నేహితుడి నాన్నకి ఉద్యోగం పోయింది, స్కూలు వాళ్లు ఫీజులో కొంత సాయం చేశారు, అంతే, ఆ పిల్లాడు ఇక స్కూలు ప్రధాన జట్టైన వర్సిటీ టీమ్‌లో ఆడకూడదన్నారు. అదీ రూల్! అక్కడి రాష్ట్ర క్రీడా సంఘం 1997లో స్కూళ్లని రెండు డివిజన్లు చేసింది, ఆటగాళ్లకి ఫీజు సాయం ఇచ్చే ప్రైవేట్ స్కూళ్లు రెండో దాంట్లోకి పోవాలంది, మొదటి దాంట్లోనే ఉంటామంటే సాయం తీసుకునే పిల్లల్ని ఆడించకూడదంది.

సాయం ఎర చూపించి మంచి ఆటగాళ్లని లాక్కుపోతే ప్రభుత్వ స్కూళ్లకి అన్యాయమే, ఒప్పుకుంటాను. తమ స్కూల్లో చేరబోయే ఎనిమిదో తరగతి పిల్లలకి ప్రాక్టీస్‌కి రమ్మని కోచ్ ఉత్తరాలు రాసిన అక్కడి ప్రైవేట్ స్కూలు బ్రెంట్‌వుడ్ అకాడమీ గొడవ అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది, 2007లో స్కూలే ఓడిపోయింది. కానీ చిన్నప్పట్నుంచీ అక్కడే చదువుతున్న ఈ పిల్లాణ్ణి ఎవరు లాక్కొచ్చారండీ? వాళ్ల నాన్న జీతం ఆగిపోతే వాడి ఆట ఎందుకు ఆగాలి?

ఆ సీజనంతా బెంచీ పక్కన నిలబడి తన టీమ్‌కే నీళ్ల సీసాలు అందించాడు. వాళ్లమ్మ మ్యాచ్‌లకి రావడం మానేసింది.