లంక అంటుకోవాలంటే

శ్రీరామనవమికి వీధిలో తోలుబొమ్మలాట పెట్టిద్దామన్నప్పుడు మా కాలనీలో ఒక్కరూ కాదనలేదు. చందాలు కూడా వచ్చాయి, అదే వింత. గొడవంతా 'భద్రత' దగ్గర మొదలైంది.

మా సంఘంలో భద్రత అంటే రిటైర్డ్ తాసిల్దారుగారు. కాగితం మీదకి ఎక్కని ప్రమాదాన్ని ఆయన ప్రమాదంగా గుర్తించరు. పోలీసులకో అర్జీ, ఫైరాఫీసుకో అర్జీ, కరెంటాఫీసుకో అర్జీ. షామియానా నాలుగు మూలలా ఇసక బకెట్లు పెట్టించారు. సాయంత్రానికి ఆ ఇసకంతా పిల్లల చేతుల్లో గుళ్లూ గోపురాలూ అయిపోయింది. అంబులెన్సుకి దారి వదలాలని ముగ్గుపిండితో గీత కూడా గీయించారు. సరిగ్గా ఆ గీత మీదే ఎవరో బుల్లెట్ బండి తెచ్చి నిలబెట్టారు. "బండి ఎవరిదో దయచేసి తీయవలెను" అని మైకులో అరిస్తే, బండి ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ తలతిప్పి చూశారు గానీ తీసినవాడు లేడు.

బృందం ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నుంచి వచ్చింది. 2020లో దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ వచ్చింది ఆ ఊరి బొమ్మలాటకే. తాసిల్దారుగారు బృందం పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టారు.

"లంకాదహనంలో ఏం వాడతారు?"

"కాగడా మింద గుగ్గిలం పొడి చల్లుతాం సామీ. భగ్గుమంటాది."

"గుడ్డ పందిరి కింద భగ్గుమనడానికి వీల్లేదు. ఎర్ర బల్బు పెట్టుకోండి."

పెద్దాయన కాసేపు ఆలోచించి, "హనుమంతుని తోకకు గూడా బల్బేనా సామీ?" అన్నాడు.

కరెంటాఫీసు అర్జీ ఇంకా బల్లల మీద ప్రయాణంలోనే ఉంది. అందుకని మూలింటి పిన్నిగారి వంటింటి కిటికీలోంచి వైరు లాగారు. గీజరు వేయొద్దని పిన్నిగారికి చెప్పారు, ఆవిడ సరేనన్నారు. కానీ ఆ ఇంట్లో మోటారు స్విచ్చి బాబాయిగారి శాఖ. ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఆట మాత్రం మహా రంజుగా సాగింది. నిలువెత్తు రావణుణ్ని తెరకి ముళ్లతో గుచ్చి నిలబెట్టారు. మేకతోలు మీద గుచ్చిన చిన్న చిన్న చిల్లుల్లోంచి వెలుతురొచ్చి పది కిరీటాలూ ధగధగలాడుతున్నాయి. హనుమంతుడు ఎర్రబల్బు తోక ఎత్తాడు. అదే క్షణాన బాబాయిగారికి ట్యాంకు గుర్తొచ్చింది.

టప్! లోడెక్కువై ఎంసీబీ స్విచ్చి పడిపోయింది. లంకతో పాటు పిన్నిగారి వంటిల్లు కూడా చీకటి.

జనం పాపం మంచివాళ్లు. వందమందీ ఫోన్లు తీసి తెర మీద టార్చీలు కొట్టారు. బొమ్మలాటకి దీపం తెర వెనకాల ఉండాలి. ముందు నుంచి కొడితే రంగులన్నీ చచ్చి, తెరగా కట్టిన తెల్ల పంచె తెల్ల పంచెలాగే కనబడింది. ఫోన్లు ఆపమని చెబుదామంటే మైకు కూడా పోయె.

అప్పుడు చీకట్లోంచి బంగారక్క గొంతు లేచింది. బొమ్మలాటలో నవ్వించే జోడీ ఆవిడా, జుట్టుపోలిగాడూ.

"ఒరే జుట్టుపోలిగా, ఏందిరా ఈ చీకటి?"

"రావణుడు కరెంటు బిల్లు కట్టల్యాదంటనే!"

"మరి లంకెట్ట కాలాల?"

"అద్దో, గీత మింద బుల్లెట్టు నిలబెట్నాడు సూడు, ఆ మారాజు లైటేస్తే సాలు. తెస్తాడా, పేరు జెప్పల్నా?"

మైకుకి కదలని మనిషి జుట్టుపోలిగాడికి కదిలాడు. మూడో వరసలోంచి లేచిన ఆ మహారాజు తాసిల్దారుగారి అల్లుడు. మామగారు ఇసక బకెట్టులోకి దీక్షగా చూస్తూ ఉండిపోయారు.

బండి తెర వెనక్కి వెళ్లింది. హెడ్‌లైట్ అంతసేపు వెలగాలంటే ఇంజను నడవాలి కదా. డుగ్గు డుగ్గుమని లంక అంటుకుంది! సైలెన్సర్ పొగ తెర చుట్టూ కమ్ముకొచ్చేసరికి గుగ్గిలం లేదన్న లోటు కూడా తీరింది. మంట వద్దన్నారు గానీ పొగ వద్దని ఏ అర్జీలోనూ రాయలేదు.

పదింటికి కానిస్టేబుల్ వచ్చాడు. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటితే బయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. తెల్లారేదాకా ఆడాల్సిన ఆట, ఇంకా వారధి కూడా కట్టలేదు. మైకే లేదండీ అని తాసిల్దారుగారు కాగితాలన్నీ ముందు పెట్టారు.

"మైకు లేదు సరే, ఈ మోతేంటి?" అంటూ కానిస్టేబుల్ తెర వెనక్కి వెళ్లి చూశాడు. అల్లుడుగారు సైలెన్సర్ మార్పించుకున్నారట. అక్కడికక్కడే చలానా రాసి, కానిస్టేబుల్ తన టోపీ తీసి చంకలో పెట్టుకుని, "యుద్ధం ఎన్నింటికి మొదలవుద్ది?" అని అడిగి ముందు వరసలో కూర్చున్నాడు.