నడిగడ్డలో రాళ్లూ ముళ్లేనా?

కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న రాయచూరు దోఆబ్ గురించి ఒక మాట ఫోన్లలో తెగ తిరుగుతోంది. 200 ఏళ్లు రెండు మతాలు కొట్టుకున్న సరిహద్దు అదనీ, సుల్తానులు అన్నీ కూల్చేశారనీ, రాళ్లూ ముళ్లూ తప్ప ఏమీ మిగల్లేదనీ, తెలుగువాళ్లకు దానితో పనేమిటనీ, హంపి చూసి వచ్చేస్తే చాలనీ. ఈ మాట నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ముందు మతయుద్ధం సంగతి. విజయనగరం, బహమనీలు, తర్వాత బీజాపూరు ఈ నేల కోసం తరతరాలు కొట్టుకున్నారు, నిజమే. వాళ్లకు కావలసినవి రెండు నదుల నడుమ నల్లరేగడి, హట్టి వైపు బంగారం, రాయచూరు, ముద్గల్ కోటలు. మతమే కారణమైతే రెండో దేవరాయలు ముస్లిం విలుకాండ్రను సైన్యంలో ఎందుకు చేర్చుకున్నాడు? 1520లో రాయచూరు గెలిచిన కృష్ణదేవరాయలకు 'యవనరాజ్య స్థాపనాచార్య', అంటే ముస్లిం రాజ్యాన్ని నిలబెట్టినవాడు అనే బిరుదు ఎందుకుంది? అళియ రామరాయలు మొదట గోల్కొండ కొలువులో పనిచేసినవాడు. అన్నకు భయపడి పారిపోయి వచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షాకు విజయనగరంలో ఏడేళ్లు ఆశ్రయమిచ్చిందీ ఆయనే. మన కవులు మల్కిభరాముడని పొగిడిన ఆ ఇబ్రహీమే 1565లో మిగతా సుల్తానులతో కలిసి రామరాయల మీదికి వచ్చాడు. దీన్ని మతం లెక్కలో ఎలా ఇరికిస్తాం?

అన్నీ కూల్చేశారనడం ఇంకా తప్పు. 1565 తర్వాత హంపి పాడైంది, కాదనను. కానీ హంపి తుంగభద్రకు దక్షిణాన ఉంది, దోఆబ్‌లో లేదు. దోఆబ్‌లోని ఇటగికి వెళ్లండి. 1112లో కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి దండనాయకుడు మహాదేవుడు కట్టించిన గుడి అక్కడ నిలబడే ఉంది. శాసనంలో దాన్ని 'దేవాలయ చక్రవర్తి' అన్నారు. తూర్పు కొసన అలంపురంలో బాదామి చాళుక్యుల నవబ్రహ్మాలయాలు ఉన్నాయి. అక్కడి పాత జోగులాంబ గుడి దాడుల్లో పోయిందని చెబుతారు, ఇప్పుడున్నది 2005లో కట్టింది. ఒక గుడి పోయిన సంగతి చెప్పేవాళ్లు మిగిలిన తొమ్మిదింటి గురించీ చెప్పాలి కదా.

రాళ్లూ ముళ్లూ అన్నవాళ్లు తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, గంగావతి వైపు ఒకసారి వెళ్లి చూడాలి. కనుచూపు మేర వరి. కోస్తా నుంచి వెళ్లిన రైతుల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు.

ఇక మనకేం సంబంధం అన్న ప్రశ్న. దోఆబ్ అంటే రెండు నీళ్ల నడుమ నేల. దాని తూర్పు భాగాన్ని మనం నడిగడ్డ అంటాం. గద్వాల, అలంపురం 1956 దాకా రాయచూరు జిల్లాలోవే. అసలు రాయచూరు కోటను 1294లో కట్టించింది కాకతీయుల సేనాని గోన గన్నారెడ్డి కింద పనిచేసిన విఠలనాథుడు. ఆ సంగతి లోపలి కోట పడమటి గోడలో, 40 అడుగులకు పైగా పొడవున్న ఒకే రాయి మీద చెక్కి ఉంది. అంత రాయిని అక్కడికి ఎలా తెచ్చారా అనిపిస్తుంది. జవాబు ఆ గోడ మీదే ఉంది: రాయిని బండి మీద లాక్కొస్తున్న బొమ్మను పక్కనే గీశారు. అక్కడికి వెళ్తే శాసనం చూసి వచ్చేయకుండా, ఆ బండి బొమ్మను కూడా వెతికి చూడండి.