అడాప్టర్ ఉందిగా అన్నా!

ఈ మాట వింటే నాకు బీపీ పెరుగుతుంది. ఫోకస్ పుల్లర్‌గా, అంటే షాట్ నడుస్తుండగా లెన్సు రింగు తిప్పి ఫోకస్ కుదిర్చేవాడిగా, పదకొండేళ్ల నుంచి బతుకుతున్నాను. షూటింగుల్లో నేను తిన్న తిట్లలో సగం ఈ మాట పుణ్యమే. ఫోకస్ పోతే అందరూ నా వైపే చూస్తారు. ఒక రకం లెన్సుని ఇంకో రకం కెమెరాకి తగిలించడానికి మధ్యలో ఇరికించే ఇనుప రింగు, అదే అడాప్టర్, దాని వైపు ఎవరూ చూడరు.

రెండేళ్ల కిందట ట్యాంక్‌బండ్ మీద నైట్ షూట్. సోనీ ఎఫ్ఎక్స్3 కెమెరా, అద్దెకు తెచ్చిన పీఎల్ మౌంట్ (సినిమా కెమెరాల బిగింపు) లెన్సులు, మధ్యలో అడాప్టర్. అడాప్టర్‌కి డబ్బులు వద్దన్నారు రెంటల్ వాళ్లు. అప్పుడే అనుమానం రావాల్సింది. 24 ఎంఎం వైడ్ లెన్సు వేశాం, ఐరిస్ (లెన్సులో వెలుతురు వచ్చే కన్నం) 2 దగ్గర, అంటే బాగా తెరిచి. అమ్మాయి కెమెరాకి మూడడుగుల దూరంలో ఉంది, వెనక నీళ్ల మధ్యలో బుద్ధుడు. ఫోకస్ అమ్మాయి నుంచి బుద్ధుడి మీదికి వెళ్లాలి. అమ్మాయి కనురెప్పలు లెక్కపెట్టేంత షార్ప్‌గా ఉంది. రింగు తిప్పాను, ఇన్ఫినిటీ గుర్తు దగ్గర, అంటే అతి దూరం దగ్గర, ఠక్కున ఆగింది. బుద్ధుడు మాత్రం పలచటి దోమతెర వెనక నిలబడినట్టున్నాడు. ఇంకా తిప్పడానికి రింగు లేదు. ఐదు టేకులయ్యాయి. కెమెరామన్ గారు మానిటర్ మీద నుంచి తలెత్తి "ఏమైంది నీకివాళ?" అన్నారు. చివరికి ఐరిస్ 5.6కి మూసి, తగ్గిన వెలుతురుకి ఐఎస్ఓ (కెమెరా సెన్సిటివిటీ) 12800కి పెంచి ఎలాగో గట్టెక్కాం. వెనక దీపాలన్నీ కరిగి మెరవాల్సిన షాట్ అది. వార్తల్లో క్లిప్పింగులా వచ్చింది.

మర్నాడు రెంటల్ వాళ్ల టేబుల్ మీదే ఆ అడాప్టర్ విప్పించాను. పీఎల్ రింగు స్క్రూలు తీస్తే కింద పల్చటి రేకులు, షిమ్‌లు అంటాం. ఎవరో ఎప్పుడో ఇంకేదో లెన్సు కోసం ఒకటి ఎక్కువ పెట్టి వదిలేశారు. మైక్రోమీటర్‌తో కొలిస్తే 0.1 మిల్లీమీటరు. జిరాక్స్ కాగితం మందం, అంతే.

అంత చిన్న తేడాకి ఇంత గొడవ ఎందుకంటే, ప్రతి మౌంట్‌కీ దాని అంచు నుంచి బొమ్మ పడే సెన్సర్ దాకా ఒక నిర్ణీత దూరం ఉంటుంది. పీఎల్‌కి 52 మిల్లీమీటర్లు, నికాన్ ఎఫ్‌కి 46.5, కానన్ ఈఎఫ్‌కి 44. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక ఇది బాగా తగ్గిపోయింది: కానన్ ఆర్ఎఫ్, ఎల్ మౌంట్ రెండూ 20, సోనీ ఈ 18, నికాన్ జెడ్ 16. అడాప్టర్ చేసే పనల్లా మధ్యలో మిగిలిన ఖాళీని నింపడమే. పీఎల్ లెన్సు సోనీకి పెట్టాలంటే 34 మిల్లీమీటర్లు నింపాలి. 34.1 నింపితే ఏమవుతుందో లెక్క కట్టి చూడండి, ఇంటర్ లెక్కే. ఫోకల్ లెంగ్త్‌ని, అంటే లెన్సు ఎంఎం అంకెని, దానితోనే గుణించి, తేడాతో భాగించాలి. 24 ఎంఎంకి 576ని 0.1తో భాగిస్తే 5,760 మిల్లీమీటర్లు. అంటే రింగు ఇన్ఫినిటీ మీద ఉన్నా లెన్సు ఆరు మీటర్లు కూడా చూడటం లేదు! అదే 85 ఎంఎం అయితే 72 మీటర్ల దాకా పోతుంది. అందుకే 85 పెట్టి ఎదురుగా ఉన్న ఫ్రెండ్ మొహం తీసి "అడాప్టర్ సూపర్ బ్రో" అని రివ్యూ చెప్పేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. వైడ్ లెన్సు పెట్టి దూరంగా ఉన్న సెల్ టవర్ తీయవయ్యా, అప్పుడు మాట్లాడదాం.

చవక అడాప్టర్లు చేసేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలుసు. ఇన్ఫినిటీ రాలేదని గొడవ పడతారని కావాలనే కాస్త పల్చగా చేస్తారు. బుద్ధుడు వస్తాడు, కానీ లెన్సు మీది దూరం అంకెలన్నీ అబద్ధాలే. టేపు పట్టి ఎనిమిదడుగులు కొలిచి, రింగు ఎనిమిది మీద పెడితే ఫోకస్ ఇంకెక్కడో ఉంటుంది. ఫొటోలు తీసేవాళ్లకి పర్వాలేదు. మార్కుల మీద బతికే మాకు మాత్రం అది నడిసంద్రంలో దిక్సూచి పాడైనట్టే.

ఇంకోటి, లూజు. పీఎల్‌లో లెన్సుని తిప్పి బిగించం. నేరుగా కూర్చోబెట్టి, బయటి రింగు తిప్పితే నాలుగు రెక్కల్నీ పట్టి నొక్కేస్తుంది. మామూలు సోనీ ఈ-మౌంట్‌లో పట్టు అంతా లోపలి స్ప్రింగ్ రేకులదే. దాని మీద అడాప్టర్, ఆ పైన రెండు కేజీల జూమ్, పక్కన ఫోకస్ మోటారు. మోటారు తిరిగినప్పుడల్లా ఫ్రేమ్ మొత్తం చిన్నగా ఉలిక్కిపడుతుంది. సోనీ వాళ్లే ఎఫ్ఎక్స్9, వెనిస్ కెమెరాల్లో ఈ-మౌంట్‌కి లీవర్ లాక్ పెట్టారంటే ఊరికే పెట్టారా? అడాప్టర్ కింద రాడ్ల మీద సపోర్ట్ లేకుండా బరువు లెన్సు వేలాడదీయడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

స్పీడ్ బూస్టర్ సంగతి వేరు. 2013లో మెటాబోన్స్ వాళ్లది వచ్చినప్పుడు నేనూ ఎగిరి గంతేశాను. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) లెన్సు బొమ్మని 0.71 వంతుకి కుదించి చిన్న సెన్సర్ మీద వేస్తుంది, పైగా ఒక స్టాప్, అంటే రెట్టింపు, వెలుతురు లాభం. 2.8 లెన్సు 2 అవుతుంది. మంచి వస్తువే, కాదనను. కానీ లోపల అద్దాలున్నాయి కదా, అది అడాప్టర్ కాదు, సగం లెన్సు. దాని మరకలు, దాని మెరుపులు, దాని సర్దుబాట్లు దానికున్నాయి. చిన్న సెన్సర్ కోసమే చేసిన సూపర్ 35 లెన్సుని దానికి తగిలించి "మూలలు నల్లగా వస్తున్నాయేంటన్నా" అని అడిగితే నేనేం చెప్పను?

కానన్ ఈఎఫ్ ఫొటో లెన్సులకి ఐరిస్ రింగే ఉండదు, కరెంటు అందాలి. కరెంటు పిన్నులు లేని అడాప్టర్ కొంటే ఐరిస్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. డబ్బులు లేని తమ్ముళ్లకి నా మాట, పాత నికాన్ మాన్యువల్ లెన్సులు వెతుక్కోండి. ఐరిస్ రింగు ఉంటుంది, ఫోకస్ రింగు రెండు చివర్లా గట్టిగా ఆగుతుంది. ఒక్కో లెన్సుకి ఒక్కో అడాప్టర్ పర్మనెంటుగా బిగించి వదిలేయండి, మార్చకండి. పీఎల్ అద్దెకు తెచ్చేటట్టయితే అడాప్టర్ కూడా అక్కడే తీసుకుని, సెట్‌లో అన్నిటికన్నా వైడ్ లెన్సు పెట్టి వాళ్ల మేడ మీద నుంచి దూరంగా ఏదైనా బోర్డు చూడండి. పది నిమిషాల పని. వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

నిన్న రాత్రి పదకొండింటికి ఒక కుర్ర డైరెక్టర్ ఫోన్. "అన్నా, మన దగ్గర ఈఎఫ్ లెన్సులున్నాయి. పీఎల్ మౌంట్ కెమెరా ఒకటి చవగ్గా దొరుకుతోంది. అడాప్టర్ ఉంటుందిగా?"

"ఈఎఫ్ ఎంత?" అన్నాను.

"44."

"పీఎల్?"

"52."

"మరి మైనస్ 8 మిల్లీమీటర్ల అడాప్టర్ కావాలి. ఎక్కడన్నా దొరికితే నాక్కూడా ఒకటి తీసుకో."

కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "ఆన్‌లైన్‌లో చూస్తా అన్నా" అన్నాడు.