ఇంటిల్లిపాదికీ ఇంటిపని

ఒడిశాలోని పర్లాకిమిడిలో పిల్లలు నోటుపుస్తకాన్ని ఖాతా అంటారు. ఒడియా మాట. సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్తే ఖాతా అంటే కిరాణా కొట్లో మిగిలిన బాకీ. ఈ రెండు ఖాతాలూ ఒకటేనని తెలియాలంటే ఇంట్లో ఆరో తరగతి గుంటడు ఒకడుంటే చాలు.

హోంవర్కు మరీ ఎక్కువైపోయిందని కొందరు తల్లిదండ్రులు అదేపనిగా నింద వేస్తున్నారు. అది ఎంత అన్యాయమో లెక్కలతో సహా తేల్చడమే ఇక్కడ ఉద్దేశం. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 6 నుంచి 8 తరగతుల వాళ్ళకి రోజుకి ఒక గంట, వారానికి ఐదారు గంటలు ఇంటిపని చాలంది. 2020 బడిసంచి విధానం మళ్ళీ అదే గంట అంది. సంచి బరువు పిల్లాడి బరువులో పదోవంతు మించకూడదని, బళ్ళో తూకం యంత్రం పెట్టుకోమని కూడా చెప్పింది. పదిహేనేళ్ళ తేడాతో అదే గంట రెండోసారి చెప్పాల్సి వచ్చిందంటే మొదటిసారి ఎవరికీ వినపడలేదని కాదు. మంచిమాట ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు, అంతే.

నిజానికి ఆ గంటని ఏ సారూ దాటలేదు. సబ్జెక్టులు ఆరు: ఒడియా, ఇంగ్లీషు, హిందీ లేదా సంస్కృతం, లెక్కలు, సైన్సు, సోషల్. ఒక్కో సార్ ఇచ్చేది ఇరవై నిమిషాల పని. ప్రభుత్వం గంట ఇస్తే అందులో మూడోవంతుతో సరిపెట్టుకున్నవాళ్ళని పొదుపరులు అనాలి గానీ తిట్టకూడదు. ఆరు ఇరవైలు కలిపితే నూట ఇరవై అవుతుందంటారా, కూడికలు లెక్కల సార్ శాఖ. ఆయన తన ఇరవైకే బాధ్యులు.

ఇక ‘ప్రశ్న కూడా రాయాలి’ అనే నియమం. జవాబు రెండు వాక్యాలు, ప్రశ్న మూడు వాక్యాలు. ముందు రఫ్ ఖాతాలో, తర్వాత ఫెయిర్ ఖాతాలో. మార్జిన్ గీత స్కేలుతో, శీర్షిక కింద రెండు గీతలు. సబ్జెక్టుకి పది నిమిషాలు వేసుకున్నా ఇంకో గంట. వెరసి మూడు గంటలు. బళ్ళో నాలుగింటికి గంట కొడితే, ఇంటికొచ్చి ఇంత తిని కూర్చున్న బిడ్డ లేచేసరికి వీధిలో ఆడుకునేవాళ్ళంతా ఇళ్ళకి పోయుంటారు. రాత్రిపూట ఆటలు ఒంటికి మంచిది కాదు కనుక ఇది కూడా లాభం కిందే జమ.

అసలు సరుకు ఇప్పుడు వస్తోంది. పై మూడు గంటలూ ఒడియా ఇంట్లో. తెలుగు ఇంట్లో ఆ పనికి అనువాద శాఖ ఒకటి తోడవుతుంది. నాన్న చదివింది పాతపట్నంలో, అమ్మది టెక్కలి. ఇద్దరికీ ఒడియా మాట వచ్చు, బజారులో బేరమాడేంత బాగా వచ్చు. లిపి రాదు. కాబట్టి బిడ్డ పైకి చదవాలి, అమ్మ అర్థం చేసుకోవాలి, నాన్న తెలుగులో లెక్క చేయాలి, బిడ్డ దాన్ని ఒడియాలో ఎక్కించాలి.

“అమ్మా, లసాగు కట్టాలి.”

“సాగేట్రా? మనకి భూమెక్కడిది?”

మన క.సా.గు. వాళ్ళ ల.సా.గు. అంతవరకు పరవాలేదు. మన గ.సా.భా. మాత్రం వాళ్ళకి గ.సా.గు. మొదటి దాని చివరి ‘గు’ గుణితకం, రెండోదాని చివరి ‘గు’ గుణనీయకం, అంటే మన భాజకం. ‘గు’ చెవిన పడగానే నాన్న రెండుచోట్లా గుణిజమే కడతారు. 12కీ 18కీ ఒకటి 36, ఇంకోటి 6 రావాలి. ఖాతాలో రెండు 36లు కుదురుగా కూర్చుంటాయి.

ఒడియా అంకెల సంగతి చూడండి. వాళ్ళ 4 అచ్చం మన 8లా ఉంటుంది. ‘కిలో 40కి కొని 50కి అమ్మితే లాభమెంత?’ అన్న ప్రశ్నని ఒడియా అంకెలు పట్టుబడని పెద్దాయన 80కి కొన్నట్టు చదువుతారు. 25 శాతం లాభం కాస్తా 37.5 శాతం నష్టం అయిపోతుంది. అదే సరుకు, అదే దుకాణం. సరిహద్దులో వ్యాపారం ఎందుకు కష్టమో పిల్లలకి ఆరో తరగతిలోనే తెలుస్తుంది. వడ్డీని ఒడియాలో సుధ అంటారు, చక్రవడ్డీని చక్రవృద్ధి సుధ. అప్పిచ్చినవాడి నోటితో చూస్తే మాట సరిగ్గానే ఉంది. భిన్నాన్ని భగ్న సంఖ్య అంటారు. అదీ సరిగ్గానే ఉంది.

సైన్సులో బిడ్డ అమ్లజాన అంటాడు, నాన్న ప్రాణవాయువు అంటారు, ఇంగ్లీషు మీడియం అక్క ఆక్సిజన్ అంటుంది. ముగ్గురూ పీలుస్తున్నది మాత్రం ఒకటే. అంగారకామ్లమంటే బొగ్గుపులుసు వాయువని తేలేసరికి అన్నాల వేళవుతుంది. ఒడియా శ్రుతలిఖనంలో, అంటే డిక్టేషన్లో, శ, ష, స మూడింటినీ సార్ ‘స’ అనే పలుకుతారు; ఏది రాయాలో వినే చెవికి తెలియదు, కళ్ళకి గుర్తుండాలి. హిందీలో పుస్తకం ఆడది, కాగితం మగది. ఈ విషయంలో తెలుగూ ఒడియా రెండూ చేతులెత్తేస్తాయి.

ప్రాజెక్టుల్లో శనగ మొలకలది పెద్దపీట. తడి దూదిలో నాలుగు గింజలు పెట్టి ఐదు రోజులు చూసి పట్టిక రాయాలి. దూదిని తడిపి పిండి పెట్టాలి, గింజ మునగకూడదు. భక్తి ఎక్కువై గ్లాసుడు నీళ్ళు పోస్తే గాలి ఆడక మూడోనాటికి కుళ్ళి కంపు కొడుతుంది. అప్పుడు అమ్మ వంటింట్లో గుడ్డలో కట్టిన మొలకలు ప్రయోగశాలకి తరలివస్తాయి. ఐదు రోజుల పరిశీలనలూ ఒకే రాత్రి, ఒకే పెన్నుతో. శాస్త్రీయ దృక్పథం అలవడింది కదా, ఇంకేం కావాలి?

సోషల్లో పటం. ఒడిశా పటంలో వంశధార సరిహద్దు గీత దగ్గర ఆగిపోతుంది. శ్రీకాకుళంలో మేనమామ కొడుకు గీసే పటంలో అదే గీత దగ్గర పుడుతుంది. రెండు ఖాతాలూ పక్కపక్కన పెడితే తప్ప నీళ్ళు కళింగపట్నం దాకా పోవు. అటూ ఇటూ సెలవులు ఒకేసారి రావు కాబట్టి ఆ సంగమం ఎప్పుడో గానీ జరగదు. ఏప్రిల్లో ఇక్కడ కొత్త తరగతి మొదలవుతుంది, అక్కడ జూన్ దాకా ఆగాలి.

ఈ ఊళ్ళోనే 1880 నుంచి గిడుగు రామమూర్తి బడిపంతులుగా పనిచేశారు. మాట్లాడే తెలుగే రాయమని పోరాడారు, కొండల్లోని సవరల భాష నేర్చుకుని సవర పిల్లలకి సవరలో పాఠాలు రాశారు. ఇల్లు వేరు బడి వేరు కాకూడదన్నది ఆయన పట్టుదల. 1936లో ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. సవర భాషకి మంగేయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపి కట్టిందీ ఆ ఏడే. కొండ దిగి హాస్టల్లో చేరిన సవర బిడ్డకి ప్రాథమిక తరగతుల్లో ఇంటి భాష కాస్త తోడుంటుంది. ఆరులో చేరగానే ఆ తోడూ ఆగిపోతుంది. ఆ బిడ్డ ముందు తెలుగు బిడ్డ కష్టాలు చెప్పుకోవడం సిగ్గుచేటు.

పోనీ, ఇంత శ్రమపడి చేసిన తప్పుల్ని ఎవరైనా దిద్దుతారా? విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒక సార్ ఉండాలి. ఖాతాకి రెండు నిమిషాలు అనుకున్నా ఒక తరగతికి 70 నిమిషాలు. ఐదు తరగతులకి చెప్పే సార్‌కి 350, అంటే ఆరు గంటలకి పది నిమిషాలు తక్కువ. ఆయనా ఇంటికెళ్ళాలి. అందుకే ఎర్ర టిక్కు, కింద పొడి సంతకం, తేదీ. రెండు 36లకీ రెండు టిక్కులు పడతాయి. పరీక్షలో అదే లెక్క మళ్ళీ తప్పితే ఇంట్లో శ్రద్ధ చూపడం లేదని తల్లిదండ్రుల్ని పిలిపిస్తారు.

సార్లకి కూడా కాస్త ఇంటిపని ఉండటం న్యాయం. చట్టం ప్రకారం ఈ తరగతులకి ఏడాదికి 220 పనిదినాలు. రోజుకి గంట హద్దు పోగా అదనంగా పడేది 2 గంటలు. ఏడాదికి 440 గంటలు. ఏడాదికి 10 శాతం చక్రవృద్ధి సుధ మీద మూడేళ్ళకి ఎనిమిదో తరగతి దాటే బిడ్డకి బడి ఎన్ని గంటలు బాకీ పడుతుంది? ఫెయిర్ ఖాతాలో చేసి తేవాలి. ప్రశ్న కూడా రాయాలి. 440లోని నాలుగులు ఏ అంకెల్లో వేశారో మార్జిన్లో చెప్పండి, ఇంట్లో వాళ్ళు 880 అని చదువుకుంటారు.