సెన్సార్ మీద బల్లిపాటు

మా ఇంట్లో సైరన్ మొదటిసారి మోగింది రాత్రి రెండూ పదికి. నేను మంచం దిగి కళ్లజోడు వెతుక్కునేలోపే వీధి వీధంతా మా గేటు ముందుంది. ఎదురింటి కుర్రాడి చేతిలో క్రికెట్ బ్యాటు, వాళ్లమ్మ చేతిలో అట్లకాడ, పక్కింటి ప్లీడరు గారి చేతిలో టార్చిలైటు. అందరం కలిసి ఇల్లంతా గాలించాం. మంచాల కింద, బీరువా వెనక, చివరికి బియ్యం డబ్బాలో కూడా చూశాం. దొరికిన ముద్దాయి ఒక్కటే. హాలు మూల, సెన్సార్ డబ్బాని కరుచుకుని, తోక ఆడిస్తూ ఒక బల్లి.

"తల మీద పడితే ఏంటో, భుజం మీద పడితే ఏంటో పంచాంగంలో ఉంది గానీ, సెన్సార్ మీద పడితే ఏం ఫలమో రాయలేదురా," అంది అమ్మ.

విజయవాడ సత్యనారాయణపురంలో మా వెనకవీధిలో అంతకుముందు నెలే ఓ ఇంటి తాళం పగలగొట్టారు. పోయింది గ్యాస్ సిలిండరూ, ఒక కుక్కరూ. అయినా మా ఆవిడకి నిద్ర పట్టడం మానేసింది. మా బావమరిది ఫ్రెండుకి తెలిసిన దొంగల అలారం వాళ్లెవరో ఉన్నారట, మర్నాడే ఇద్దరు కుర్రాళ్లు దిగారు. ఒకడి చేతిలో డ్రిల్లు, ఇంకొకడి చేతిలో సెల్లు. సెల్లు కుర్రాడే మాట్లాడాడు. సిమ్ము వేసి ఫోన్ చేయించే ప్యానెలు డబ్బా, రెండు సెన్సార్లు, తలుపుకి అయస్కాంతం, ఒక సైరను, అన్నీ కలిపి 18,500. రిమోట్లు రెండు ఫ్రీ.

"దొంగ అడుగు పెట్టగానే మీ ఫోనుకి కాల్ వస్తుంది సార్. మీరు అమెరికాలో ఉన్నా సరే."

మేం ఇంతవరకూ అమెరికా వెళ్లలేదు. అయినా ఆ మాట బాగుంది.

తర్వాత ప్రశ్నలు. బీరువా ఏ గదిలో ఉంది? వెనక తలుపుకి గడియ ఉందా? ఊరెళ్తే ఎన్నాళ్లకి వస్తారు? కుక్కని పెంచుతున్నారా? మా ఆవిడ ప్రతిదానికీ వివరంగా జవాబు చెప్పి, మధ్యలో కాఫీ కూడా ఇచ్చింది. ఆ వెనకవీధి దొంగకి ఇందులో సగం తెలిసున్నా కుక్కరుతో సరిపెట్టుకునేవాడు కాదు.

సెన్సార్ ఎక్కడ పెట్టాలన్నదానికి వాళ్ల దగ్గర ఒకటే సూత్రం ఉంది. పాత క్యాలెండరు మేకు ఊడదీసిన రంధ్రం కనిపించింది, అక్కడ బిగించారు. "గోడ పాడవదు కదా సార్!" అది సరిగ్గా పూజగదికి ఎదురు. ఆ డబ్బా పని ఒంటి వేడిని, ఆ వేడి కదలికని పసిగట్టడం. అమ్మ కర్పూరం వెలిగించి హారతి తిప్పేసరికి దానికి దొంగల ముఠా కనిపించేది. వారం రోజులపాటు మా ఇంట్లో దేవుడికి గంట కొట్టాల్సిన పని లేకపోయింది.

బిల్లు అడిగితే విజిటింగ్ కార్డు తిప్పి, వెనక బాల్‌పెన్నుతో "పెయిడ్" అని రాసిచ్చాడు.

రెండో రాత్రి మళ్లీ బల్లి. ఈసారి గేటు దగ్గరికి సగం మందే వచ్చారు. మూడో రాత్రి ఎదురింటి కుర్రాడొక్కడే, అదీ బ్యాటు లేకుండా. నాలుగో రాత్రి ప్లీడరు గారు పడకగదిలోంచే కేకేశారు.

"బల్లేనా?"

"బల్లేనండీ."

కిటికీ మూసుకున్న చప్పుడు. నాన్నా పులి కథ చిన్నప్పుడు విన్నప్పుడు అందులో తప్పంతా ఆ కుర్రాడిదే అనుకున్నాను. ఇప్పుడు నిజంగా దొంగే వచ్చినా, లోపల్నుంచి "బల్లే" అని ఒక్క మాట అంటే చాలు, వీధి మొత్తం అటు తిరిగి పడుకుంటుంది.

ఇన్ని రాత్రుల్లో నా ఫోను ఒక్కసారీ మోగలేదు. కంపెనీకి చేస్తే "నెట్‌వర్క్ ప్రాబ్లం సార్, రేపు మనిషిని పంపిస్తాం" అన్నారు. రేపులు తొమ్మిదయ్యాయి. బాలెన్స్ అయిపోయిందేమో చూద్దామని ప్యానెల్లోంచి సిమ్ము తీసి నా సెల్లులో వేశాను. పది నిమిషాలు కాలేదు, కాల్.

"ఎవరండీ మీరు? తొమ్మిది రాత్రులుగా మా ఆవిడ గొంతుతో నాకు ఫోన్ చేస్తున్నారు!"

నాకు చెమటలు పట్టాయి. మా ఆవిడ అప్పటికే పక్కకొచ్చి నిలబడింది.

ఆయనది గుడివాడ. రాత్రి ఫోను మోగుతుంది, ఎత్తితే వాళ్లావిడ గొంతు: "ఏవండీ, ఇంట్లో దొంగలు పడ్డారు, త్వరగా రండి." పక్కకి తిరిగి చూస్తే అదే ఆవిడ గుర్రు పెట్టి నిద్రపోతోంది. మొదటి రాత్రి ఆయన మంచం మీద నుంచి కింద పడ్డారట. మూడో రోజు తాయెత్తు కట్టించుకున్నారు.

మాటల మీద అసలు సంగతి తేలింది. ఆ ప్యానెలు వాళ్లది. ఆరు నెలల కిందట అదే కుర్రాళ్లు రిపేరుకని పట్టుకెళ్లారు. అదే డబ్బా తుడిచి, కొత్తదని నాకు అమ్మారు. నంబరూ మార్చలేదు, ఆవిడ రికార్డింగూ తీయలేదు.

ప్లీడరు గారు అరుగు మీద కూర్చోబెట్టి క్లాసు పీకారు. "వాచ్‌మన్లని పంపే ఏజెన్సీకి 2005 చట్టం కింద లైసెన్సుండాలయ్యా. కేంద్రం నమూనా నియమాల్లో గార్డుకి 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డు ట్రైనింగు."

"మరి బీరువా ఎక్కడుందో రాసుకుని పోయిన డ్రిల్లు కుర్రాడికి?"

"అది కాపలా మనుషుల చట్టం. డబ్బాలు బిగించేవాళ్ల గురించి కాదు." ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలెట్టారు. "ఇంకోటి చెప్తా. ఇళ్ల మధ్య రాత్రి పది నుంచి ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి రూల్సు. నీ సైరన్ మీద ఎంత రాసుంది?"

చూశాను. 110.

"ఊరెళ్లేటప్పుడు స్టేషన్లో చెబితే పోలీసులే లాక్డ్ హౌస్ మానిటరింగని పైసా తీసుకోకుండా కెమెరా పెట్టి పోతారు. పక్కింట్లో నన్నుంచుకుని 18,500 ఎందుకు పోశావయ్యా?"

లండన్‌లో ఉన్న మా మేనకోడలు ఫోన్లో ఇదంతా విని నవ్వింది. అక్కడ పోలీసులు రావాలంటే సర్టిఫికెట్ ఉన్న కంపెనీ బిగించిన అలారమే అయ్యుండాలట. ఆ పైన, ఏడాదిలో మూడుసార్లు ఉత్తుత్తిగా మోగితే రావడం ఆపేస్తారట. మా బల్లి ఆ కోటా మూడు రాత్రుల్లో పూర్తి చేసింది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడారు. బిల్లుందా, కంపెనీ అడ్రసేంటి అన్నారు. విజిటింగ్ కార్డు తిప్పి చూశాను. ఒక సెల్ నంబరు, ఒక తాళం బొమ్మ, కింద "విజయవాడ - గుడివాడ". అంతే. నా కేసు అక్కడితో ఆగేదే గానీ, గుడివాడాయన పద్ధతైన మనిషి. జీఎస్టీ నంబరుతో సహా బిల్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్నారు. ఇద్దరం కలిసి ఆయన కాగితం మీద ఫిర్యాదు పెట్టాం. వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్లో ఫీజు కూడా ఉండదని ప్లీడరు గారు చెప్పి, తన ఫీజు సంగతి మాత్రం ఎత్తకుండా, ఓ నోటీసు రాసి పంపారు.

నాలుగో రోజు ఆ ఇద్దరు కుర్రాళ్లే వచ్చారు, ఈసారి కాఫీ లేదు. వైరు ఖర్చు 3,500 పట్టుకుని 15,000 తిరిగిచ్చారు. ప్యానెలు ఊడదీసి, అది గుడివాడ తీసుకెళ్లి బిగిస్తామన్నారు. పోతూ పోతూ సెల్లు కుర్రాడు గర్వంగా చెప్పాడు: "మీరు కంప్లైంట్ ఇచ్చారని పొద్దున్నే ప్యానెల్లో మీ నంబరు ఫీడ్ చేశాను సార్."

డబ్బు లెక్కపెట్టుకునే హడావిడిలో ఆ మాట నాకు ఎక్కలేదు. ఎక్కింది మొన్న, రాత్రి రెండున్నరకి. ఫోను మోగింది. నిద్రమత్తులో స్పీకరు నొక్కాను.

"ఏవండీ, ఇంట్లో దొంగలు పడ్డారు, త్వరగా రండి."

పక్కన లైటు వెలిగింది. మా ఆవిడ లేచి కూర్చుని ఉంది.

"ఎవరండీ ఆవిడ?"